పడ్డ ఎదకు రావాలంటే: డబ్బా కొనే ముందు టేపు పట్టండి

మా పడ్డ నల్లమ్మకు, అంటే ఇంకా ఈనని ఆడ గేదెకు, 34 నెలలు నిండినా ఎద రాలేదు. దాని తల్లి మా ఇంట్లో ఆరు ఈతలు ఈనిన ముర్రా గేదె. ఊళ్లో నల్లమ్మ ఈడు పడ్డలు రెండు అప్పటికే చూడితో ఉన్నాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. మందుల షాపులో అడిగితే "ఇది పెట్టండమ్మా, ఇరవై రోజుల్లో ఎదకొస్తుంది" అని ఒక పొడి డబ్బా ఇచ్చారు. అది అయిపోయాక ఇంకో రకం. తర్వాత ఒకాయన వచ్చి సూది వేశాడు, పదకొండో రోజున ఇంకో సూది వేశాడు. అన్నీ కలిపి ఆరు వేల పైన ఖర్చయింది. నల్లమ్మలో ఏ మార్పూ లేదు.

ఆ జూన్‌లో గొంతువాపు టీకాలు వేయడానికి వచ్చిన డాక్టరమ్మను ఆపి నా గోడంతా చెప్పుకున్నాను. ఆవిడ డబ్బాలు చూడలేదు. "అక్కా, దీని బరువెంత?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా ఆయన జాకెట్లు కుట్టే అత్తయ్య దగ్గర నుంచి కొలత టేపు తెచ్చాడు. కొలిచి లెక్క వేస్తే 231 కిలోలు. "ముర్రా పడ్డ మూడు వందలు దాటనిదే లోపల పని మొదలవదు అక్కా. మీరు ఏ సూది వేయించినా అంతే" అంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఐదు పడ్డలు, ఒక ఒంగోలు పెయ్య పెరిగాయి. మేతలో ఏది కలిపితే ఎద హార్మోన్ల మీద ఎలా పని చేస్తుందో డాక్టరమ్మను అడిగి, చదివి, చేసి చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అద్దంకి, దర్శి వైపు మా మెట్ట నేలల్లో ఉన్న మేతలనే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీ ఊళ్లో దొరికే వాటిని బట్టి మార్చుకోండి.

ముందు బరువు

పశువును చదునైన చోట, నాలుగు కాళ్ల మీద సరిగా నిలబెట్టండి. ముందు కాళ్ల వెనక, ఛాతీ చుట్టూ టేపు చుట్టి అంగుళాల్లో చూడండి. టేపు బిగించకూడదు, వదులుగా వేలాడకూడదు. తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు చూడండి. ఛాతీ కొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. నల్లమ్మకు ఛాతీ 57, పొడవు 47 అంగుళాలు. 57ను 57తో గుణిస్తే 3249, దాన్ని 47తో గుణిస్తే 1,52,703. 660తో భాగిస్తే 231. కాటా మీద తూచినట్టు ఖచ్చితంగా రాదు, కానీ నెలనెలా ఒకే మనిషి, ఒకే టేపుతో, పొద్దున్నే మేత వేయకముందు కొలిస్తే పెరుగుదల స్పష్టంగా తెలుస్తుంది. మేము ప్రతి నెలా ఒకటో తేదీన కొలిచి కొట్టం తలుపు వెనక సుద్దతో రాస్తాం.

ముర్రా పడ్డను 325 నుంచి 350 కిలోల మధ్య, సంకర జాతి ఆవు పెయ్యను 250 కిలోల దగ్గర చూడి కట్టించవచ్చు. ఏ జాతికైనా గుర్తు ఒకటే: పెద్ద పశువు బరువులో అరవై శాతం దాటాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. దూడ పుట్టినప్పుడు 30 కిలోలు అనుకుందాం. రోజుకు అరకిలో పెరిగితే 600 రోజుల్లో, అంటే 20 నెలల్లో 330 కిలోలు అవుతుంది. రోజుకు 300 గ్రాములే పెరిగితే అదే బరువుకు 1000 రోజులు పడుతుంది, అంటే 33 నెలలు. ఆ పదమూడు నెలలు మేత దండగ, పాలూ లేవు. నల్లమ్మ 34 నెలలకు 231 కిలోలంటే రోజుకు 200 గ్రాములు కూడా సరిగా పెరగలేదన్న మాట. పాలిచ్చే గేదెల తొట్టిలో దాణా వేసి, పడ్డకు ఎండు వరిగడ్డి విదిలించిన ఫలితం అది. చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. పాలు ఇవ్వదు కదా అని పడ్డను గాటి చివర కట్టేస్తాం.

లోపల ఏం జరుగుతుంది

ఎద అనేది గర్భసంచిలో మొదలవదు, మెదడు అడుగున మొదలవుతుంది. అక్కడ హైపోథలమస్ అనే చిన్న భాగం జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. అది పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని లేపుతుంది. పిట్యూటరీ నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లు రక్తంలో కలిసి అండాశయానికి చేరతాయి. అక్కడ అండం ఉన్న తిత్తి పెరుగుతూ ఈస్ట్రోజన్ వదులుతుంది. ఎద లక్షణాలన్నీ, మానం నుంచి జిగురుగా జారే ఆ తీగలు, ఆ అరుపులు, ఈస్ట్రోజన్ వల్ల వచ్చేవే. అండం విడుదలైన చోట ఒక బొడిపె ఏర్పడి ప్రొజెస్టరాన్ వదులుతుంది. చూడి నిలవడానికి అది కావాలి.

చిన్న పెయ్యలో కూడా ఈ సరంజామా అంతా ఉంటుంది. కానీ ఆ వయసులో కొద్దిపాటి ఈస్ట్రోజన్ రాగానే మెదడు వెనక్కి తగ్గిపోతుంది, ఎల్‌హెచ్ ఆగిపోతుంది. ఒంట్లో కండ, కొవ్వు తగినంత చేరాక ఆ అడ్డు సడలుతుంది. ఎల్‌హెచ్ తెరలు తెరలుగా, గంటగంటకూ రావడం మొదలవుతుంది. అప్పుడే మొదటి ఎద.

మా వైపు వాళ్లకు ఇలా చెబితే అర్థమవుతుంది. సాగర్ కాలువ తూము దగ్గర లస్కరు ఉంటాడు. కాలువలో నీటిమట్టం చూసుకున్నాకే తూము ఎత్తుతాడు. మనం గట్టున నిలబడి ఎంత మొరపెట్టుకున్నా, పైన నీళ్లు లేకపోతే ఎత్తి ఏం లాభం? పడ్డ మెదడు ఆ లస్కరు లాంటిది. నీటిమట్టం చెప్పే కొలబద్దలు రక్తంలో ఉంటాయి: కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్, పిండి పదార్థం తిన్నప్పుడు పెరిగే ఇన్సులిన్, కాలేయం నుంచి వచ్చే ఐజీఎఫ్-1. ఈ మూడూ బాగుంటేనే మెదడు ఎల్‌హెచ్‌ను వదులుతుంది.

నల్లమ్మకు వేయించిన ఆ రెండు సూదులు ఎందుకు పని చేయలేదో అప్పుడు అర్థమైంది. అవి ప్రోస్టాగ్లాండిన్ సూదులు. అండాశయం మీద ఉన్న బొడిపెను కరిగించి పశువును ఎదకు తెస్తాయి. అసలు ఒక్కసారి కూడా ఎదకు రాని పడ్డలో ఆ బొడిపె ఎక్కడుంటుంది? కరిగించడానికి ఏమీ లేదు. సూది మంచిదే, వేసిన పశువు దానికి సిద్ధంగా లేదు. అందుకే సూది వేయించే ముందు డాక్టరు చేత చెయ్యి పెట్టించి అండాశయం చూపించుకోండి. ఇది తప్పనిసరి.

మేత ఎలా వేయాలి

నల్లమ్మకు మేము మొదలుపెట్టిన దాణా ఇది. వంద కిలోలకు మొక్కజొన్న నూక 35, తవుడు 32, వేరుశనగ చెక్క 15, పత్తిగింజల చెక్క 15, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. ఇందులో రోజుకు రెండు కిలోలు, పొద్దున కిలో, సాయంత్రం కిలో. పచ్చిమేత 15 నుంచి 20 కిలోలు, దాంతో పాటు ఎండు జొన్న చొప్పో వరిగడ్డో తిన్నంత. పచ్చిమేతలో మూడు వంతులు నేపియర్ గడ్డి, ఒక వంతు పప్పుజాతి. కోతలయ్యాక పొలంలో పిల్లిపెసర, జనుము చల్లుకునే వాళ్లకు అది బంగారం. మాకు గట్ల మీద దశరథ గడ్డి ఉంది.

నూక ఎందుకంటే, పశువు పెద్దపొట్టలో పిండి పదార్థం పులిసి ప్రొపియోనిక్ ఆమ్లం ఎక్కువగా తయారవుతుంది. అది కాలేయంలో గ్లూకోజు అవుతుంది. గ్లూకోజుతో ఇన్సులిన్, ఐజీఎఫ్-1 పెరుగుతాయి. అంటే ఒక దోసెడు నూక మనం పైన చెప్పుకున్న కొలబద్దనే నేరుగా పైకి లేపుతుంది. ఒట్టి వరిగడ్డి నుంచి ఎక్కువగా అసిటిక్ ఆమ్లం వస్తుంది, దాని నుంచి గ్లూకోజు తయారవదు. పొట్ట నిండుతుంది కానీ మెదడుకు కబురు అందదు. అలాగని నూక ఒక్కసారిగా పెంచితే అజీర్తి చేసి పారుకుంటుంది. పావుకిలో చొప్పున పది రోజుల్లో పెంచుకుంటూ రండి.

ఎక్కువ మేపడం కూడా తప్పే. ముఖ్యంగా మూడో నెల నుంచి ఏడాది లోపు దూడకు దాణా దట్టించి లావెక్కిస్తే, పొదుగులో పాలగ్రంథి పెరగాల్సిన చోట కొవ్వు చేరుతుంది. ముందుగా ఎదకు వస్తుంది, కానీ ఈనాక పాలు తగ్గుతాయి. గేదె దూడకు రోజుకు అరకిలో పెరుగుదల దగ్గర ఆగండి. వెనకబడిన పెద్ద పడ్డ అయితే కొంచెం వేగంగా పుంజుకున్నా ఫర్వాలేదు.

నల్లమ్మకు దాణా మొదలుపెట్టే ముందు పేడ పరీక్ష చేయించాం. కాలువ పారే ఊళ్లలో నత్తలుంటాయి, నత్తలున్న చోట కార్జపు జలగలుంటాయి. మా దానికి అవే ఉన్నాయి. నట్టల మందు వేయకుండా దాణా పెడితే సగం వాటికే పోతుంది. గేదె దూడలకైతే పుట్టిన పది పదిహేను రోజులకే మొదటి నట్టల మందు పడాలి, ఏలిక పాముల వల్ల దూడలు చనిపోతాయి కూడా.

మినరల్ మిక్చర్ సంచి చదవడం

మేతలో కలిపే వాటిలో డబ్బు పెట్టదగ్గది ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం. వరిగడ్డిలో భాస్వరం చాలా తక్కువ. పైగా అందులోని ఆగ్జలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి. భాస్వరం తగ్గితే అండాశయం మందగిస్తుంది, ఎద ఆలస్యమవుతుంది. జింకు, రాగి, మాంగనీసు, కోబాల్టు, అయోడిన్ చిటికెడే కావాలి, కానీ ఆ చిటికెడు లేకపోతే హార్మోన్లు తయారు చేసే ఎంజైములు నడవవు. అయోడిన్ లేకపోతే థైరాయిడ్ దెబ్బతిని పెరుగుదలే ఆగిపోతుంది.

సంచి వెనక ఉన్న పట్టిక చదవండి. ఉప్పు కలపని మిశ్రమంలో ఐఎస్ఐ ప్రమాణం ప్రకారం కాల్షియం 20 శాతం, భాస్వరం 12 శాతం, జింకు 0.8 శాతం, రాగి 0.1 శాతం ఉండాలి. ఫ్లోరిన్ 0.07 శాతం దాటకూడదు. ఈ చివరిది మా ప్రకాశం వాళ్లకు, నల్గొండ వాళ్లకు చాలా ముఖ్యం. కనిగిరి, దర్శి, పొదిలి వైపు బోరు నీళ్లలో అసలే ఫ్లోరైడ్ ఎక్కువ. నాసిరకం రాతి భాస్వరంతో చేసిన చౌక మిశ్రమం పెడితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. భాస్వరం శాతం రాయని సంచి, లేదా "ఎద గ్యారంటీ" అని పెద్ద అక్షరాలు వేసి పట్టిక లేని డబ్బా, రెండూ కొనకండి.

పెరిగే పడ్డకు రోజుకు 40 నుంచి 50 గ్రాములు చాలు. పైన చెప్పిన దాణా రెండు కిలోలు తింటే అందులోనే 40 గ్రాములు వెళ్తుంది. దాణాలో కలపకుండా విడిగా వేసే వాళ్లు కుడితిలో కలపకండి, అడుగున పేరుకుపోతుంది. తవుడు తడిపి ముద్ద చేసి అందులో పెట్టండి. రెండు నెలలు ఆగకుండా పెడితేనే తేడా కనిపిస్తుంది. వారం పెట్టి ఎద రాలేదని మానేస్తే ఆ డబ్బు వృథా. ఎక్కువ పెడితే ఎక్కువ మేలు అనుకోవడం కూడా ప్రమాదం, సెలీనియం లాంటివి కొద్దిగా మోతాదు మించినా విషమే.

విటమిన్ 'ఎ' కోసం విడిగా డబ్బా అక్కర్లేదు. రోజూ ఐదారు కిలోల పచ్చగడ్డి పడితే సరిపోతుంది. ఎండాకాలంలో రెండు మూడు నెలలు ఒట్టి ఎండుగడ్డి మీదే ఉన్న పశువుకు మాత్రం డాక్టరు చెబితే వేయించండి. మా అత్తయ్య మొలకెత్తిన శనగలు గుప్పెడు పెట్టేది. పెట్టండి, తప్పేమీ లేదు, మంచి మాంసకృత్తులు. కానీ 231 కిలోల పడ్డను గుప్పెడు శనగలు ఎదకు తేలేవు.

లేని ఎదను చూపించే బూజు

ఇది జరిగింది మా మరిది ఇంట్లో. 14 నెలల పడ్డకు మానం ఉబ్బి ఎర్రగా మారింది, చనుకట్లు పొడవు సాగాయి, కొంచెం తీగ కూడా కనిపించింది. ఎంత త్వరగా ఎదకు వచ్చిందో అని వాళ్లు సంతోషించారు. ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిచి చూడి సూది వేయించారు. వారానికి మళ్లీ అదే. మళ్లీ సూది. మూడోసారి ఆయనే అనుమానపడి డాక్టరమ్మకు ఫోన్ చేయమన్నాడు. ఆవిడ వచ్చి పడ్డను ఒక నిమిషం చూసి నేరుగా దాణా గదిలోకి వెళ్లింది. మూలన ఉన్న మొక్కజొన్న బస్తా విప్పితే కండె గింజల మీద లేత గులాబీ రంగు బూజు. వానకు తడిసిన సరుకని తక్కువకు కొన్నారు.

ఫ్యుసేరియం అనే ఆ బూజు జియరలెనోన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. దాని ఆకారం ఈస్ట్రోజన్‌ను పోలి ఉండటం వల్ల ఒంట్లోని ఈస్ట్రోజన్ తాళాల్లో అది దూరిపోతుంది. మానం ఉబ్బుతుంది, పొదుగు వస్తుంది, లోపల అండం మాత్రం ఉండదు. పైగా మెదడు నిజంగానే ఈస్ట్రోజన్ ఎక్కువైందనుకుని అసలు హార్మోన్లను తగ్గిస్తుంది. ఆ మొక్కజొన్న ఆపేశాక మెల్లగా వాపు తగ్గింది.

ఎదకు, ఈ వాపుకు తేడా పట్టుకోవడం ఇలా: నిజమైన ఎద ఒక రోజులో ముగిసి మళ్లీ 21 రోజులకు వస్తుంది. బూజు వాపు రోజుల తరబడి ఉంటుంది. ఒకే దాణా తింటున్న రెండు మూడు పశువుల్లో ఒకేసారి కనిపిస్తుంది. బూజు పట్టిన గింజను కడిగి, ఎండబెట్టి, మర పట్టించినా విషం పోదు. పారేయడమే. విషాన్ని పట్టేసే పొడి, టాక్సిన్ బైండర్, వేస్తే సరిపోతుందని కొందరు అంటారు. మట్టితో చేసిన బైండర్లు వేరుశనగ చెక్కలో వచ్చే అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టుకుంటాయి, జియరలెనోన్‌ను అంత బాగా పట్టుకోలేవు. గింజల తేమ చూసి కొనండి, బస్తాలు గోడకు తగలకుండా చెక్కల మీద పెట్టండి. వానాకాలంలో మేము పదిహేను రోజులకు మించి దాణా నిల్వ ఉంచం.

జాగ్రత్తగా వాడాల్సినవి

మా జిల్లాలో కాగితం మిల్లుల కోసం సుబాబుల్ విపరీతంగా వేస్తారు. కొమ్మలు నరికినప్పుడు ఆకు ఊరికే దొరుకుతుంది, పశువులు ఇష్టంగా తింటాయి. మాంసకృత్తులు బాగా ఉన్న ఆకు అది. కానీ అందులో మిమోసిన్ అనే పదార్థం ఉంది. అది పొట్టలో విరిగి థైరాయిడ్‌ను అడ్డుకునే పదార్థంగా మారుతుంది. ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి, చొంగ కారుతుంది, పెరుగుదల ఆగి ఎద వెనక్కి పోతుంది. మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా, ఇంకో గడ్డితో కలిపి వేయండి.

పత్తిగింజల చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. పెద్దపొట్ట పని చేస్తున్న పడ్డలు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. పొట్ట ఇంకా ఎదగని చిన్న దూడలకు పెట్టకండి. విత్తనపు కోడెలకు, దున్నలకు అసలు వద్దు, వీర్యకణాలు దెబ్బతింటాయి.

యూరియాతో మాగబెట్టిన గడ్డి మంచిదే. వంద కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియా కరిగించి చల్లి, గాలి పోకుండా మూడు వారాలు కప్పి, తీశాక ఆరబెట్టి వేస్తాం. అయితే అటు యూరియా గడ్డి, ఇటు చెక్క, ఇంకోపక్క పప్పుజాతి మేత అన్నీ కలిస్తే రక్తంలో యూరియా పెరిగి గర్భసంచి లోపలి వాతావరణం మారుతుంది. ఎదకు వస్తుంది, కానీ చూడి నిలవక తిరగపొర్లుతుంది. యూరియా గడ్డి వేసే రోజుల్లో చెక్క తగ్గించి నూక పెంచండి. ఆరు నెలల లోపు దూడలకు అది వేయకూడదు.

అమెరికా పెయ్యల సంగతి

మా అక్క కొడుకు అమెరికాలో పశుపోషణ చదివాడు. అక్కడ మాంసం కోసం పెంచే పెయ్యల మేతలోనే హార్మోన్ల మీద పని చేసే మందులు కలుపుతారని వాడు చెబితే నాకు ఆశ్చర్యం వేసింది. మెలెంజెస్ట్రాల్ అసిటేట్ అని ఒకటి. ప్రొజెస్టరాన్ లాంటిది. పెయ్యకు రోజుకు అర మిల్లీగ్రాము చొప్పున తినిపిస్తే ఎద రాకుండా ఆగి, తిండి మీదే ధ్యాస ఉండి బరువు పెరుగుతుంది. దాన్నే మందను ఒకేసారి ఎదకు తేవడానికి కూడా వాడతారు: 14 రోజులు పెట్టి ఆపేస్తారు. ఆపిన కొద్ది రోజుల్లో ఎద వస్తుంది, కానీ ఆ ఎదలో అండం నాణ్యత బాగోదని కట్టించరు. ఆపిన 19 రోజులకు ప్రోస్టాగ్లాండిన్ సూది వేసి, తర్వాత వచ్చే ఎదకు కట్టిస్తారు.

ఇంకోటి మోనెన్సిన్. ఇది హార్మోను కాదు. పెద్దపొట్టలో సూక్ష్మజీవుల పొందికను మార్చి ప్రొపియోనిక్ ఆమ్లం పెంచుతుంది. మేత సరిపడా ఉన్న పెయ్యలు దానితో కొంత ముందుగా ఎదకు వస్తాయి. మేత చాలని పెయ్యకు అది ఏమీ ఒరగబెట్టదు. వాడి మాటలు విన్నాక నాకు తోచింది ఇది: ఆ మందు చేసే పని, మన నూక చేసే పని ఒకే దారిలో నడుస్తున్నాయి. మన దగ్గర ఇలాంటి మందులు కోళ్ల మేతలో వాడతారు. కోళ్ల ఫారం దాణా మిగిలిందని గేదెలకు పోసే వాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. మోతాదు మించితే గుండె కండరం దెబ్బతింటుంది. గుర్రాలైతే కొద్దిపాటికే చనిపోతాయి.

బ్రెజిల్ సంగతి చెప్పినప్పుడు మాత్రం నా గుండె ఉప్పొంగింది. అక్కడ మాంసపు మందల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి, మన ఒంగోలు ఆవుల సంతతి. పేరు కూడా మన నెల్లూరుదే. ఒంగోలు జాతికి ఎద ఆలస్యమని మనం అనుకుంటాం. వాళ్లు తరాల తరబడి త్వరగా ఎదకు వచ్చే వాటినే ఎంచుకుంటూ, పచ్చిక, దాణా సరిగా మేపి, 14 నెలలకే చూడి కట్టే నెలోర్ పెయ్యలను తయారు చేసుకుంటున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన జాతే అది. మా ఒంగోలు పెయ్యకు అంత తొందర అక్కర్లేదు గానీ, రక్తంలో ఆ శక్తి ఉందని తెలిశాక దాని తొట్టిని నేనెప్పుడూ ఖాళీగా ఉంచలేదు.

ఎదను పట్టుకోవడం

ఆ జూన్ నుంచి నల్లమ్మ తలుపు వెనక అంకెలు పెరుగుతూ వచ్చాయి. నవంబరు ఒకటో తేదీన ఛాతీ 65, పొడవు 51 అంగుళాలు. లెక్క వేస్తే 326 కిలోలు. కార్తీకమాసం నడుస్తోంది. గేదెలకు పగలు తగ్గి రాత్రి పెరిగే కాలం అనుకూలం, ఎదలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. ఎండాకాలంలో బరువు వచ్చినా ఎద దాగిపోతుంది. అప్పుడు మధ్యాహ్నం రెండు సార్లు నీళ్లు కొట్టి, చెట్టు నీడన కట్టాలి.

గేదెది మూగ ఎద. ఆవులా ఎగిరి గంతులేయదు. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు, మళ్లీ రాత్రి పడుకునే ముందు లైటు వేసుకుని చూడండి. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, తోక పక్కకు పెట్టడం, మేత మీద ధ్యాస తగ్గడం, పడుకున్న చోట నేల మీద అద్దంలా మెరిసే తీగ. ఈ చివరి గుర్తు పేడ ఎత్తేటప్పుడు చీపురుతో పోతుంది, అందుకే ముందు చూసి తర్వాత ఊడవండి. నల్లమ్మ ఎద నవంబరు 19 తెల్లవారుజామున అలాగే దొరికింది.

పొద్దున ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూడి సూది వేయించండి. పడ్డను ఎండలో నడిపించుకుని వెళ్లకండి, వీలైతే ఇంటికే పిలిపించండి. వేయించాక అరగంట కదిలించకుండా నీడన కట్టండి. దాణా, మినరల్ ఆ రోజు నుంచి ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. ప్రొజెస్టరాన్ నిలబడాల్సింది ఇప్పుడే, మేత అలాగే కొనసాగాలి.

వేయించిన తేదీ నుంచి 21వ రోజు, 42వ రోజు క్యాలెండర్ మీద గుండ్రం చుట్టండి. ఆ రెండు తేదీలకు రెండు రోజులు ముందూ వెనకా తెల్లవారుజామున తప్పకుండా లేచి చూడండి. మూగ ఎద కాబట్టి మనకు కనిపించలేదని చూడి నిలిచిందని అనుకోవద్దు. మూడో నెలలో డాక్టరు చేత పరీక్ష చేయించండి. నల్లమ్మకు ఫిబ్రవరి చివర్లో చేయించాం. డాక్టరమ్మ చెయ్యి బయటికి తీసి, చేతి తొడుగు విప్పుతూ, "దూడ ఉంది అక్కా, ఇక దాణా అరకిలో పెంచు" అంది.